సెంటు కలపని ఇల్లు: సబ్బు, బట్టల పొడి, ఫినాయిలు, అగరుబత్తి బదులు మన నెల్లూరు, ప్రకాశం వైపు ఏం వాడాలి?

చేమంతి_కోవూరు

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒకరికి ఆయాసం, ఇంకొకరికి చేతుల మీద, మెడ దగ్గర దురద. చర్మం డాక్టరు సెంటు కలిపిన సామానంతా కొన్నాళ్ళు ఆపి చూడమన్నారు. ఏది ఆపాలో తేలడం లేదు. ఒంటి సబ్బు మొదలు ఫినాయిలు, అగరుబత్తి దాకా అన్నిట్లోనూ వాసనే. ‘హెర్బల్’ అని రాసినవి కొంటే సరిపోతుందా? మన అంగళ్ళలో దొరికేవాటితోనే ఎట్టా నెట్టుకురావాలో తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

సబ్బుపని_ఒంగోలు

చేమంతి గారూ, అట్ట వెనక చదవడం వస్తే సగం పని అయినట్టే.

ఒంటి సబ్బు, షాంపూ, క్రీము, పౌడరు కాస్మెటిక్స్ రూల్స్ 2020 కిందికి వస్తాయి. కలిపిన పదార్థాల పేర్లు అట్ట మీద ఉండాలి. ఒక శాతం కంటే ఎక్కువున్నవి ఎక్కువ నుంచి తక్కువకి వరసగా, ఒక శాతానికి లోపున్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాస్తారు. మామూలు సబ్బు అట్ట ఒకటి తీసి చూడండి. ‘సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నెలేట్, ఆక్వా, గ్లిజరిన్, పర్ఫ్యూమ్, సోడియం క్లోరైడ్, టైటానియం డయాక్సైడ్’, ఆ తర్వాత రంగు నంబర్లు. మొదటి రెండూ అసలు సబ్బు. ఆక్వా అంటే నీళ్ళు. టైటానియం తెలుపు కోసం. ‘పర్ఫ్యూమ్’ అన్న ఆ ఒక్క మాట కిందే పదుల సంఖ్యలో రసాయనాలు ఉండొచ్చు, వాటి పేర్లు విడివిడిగా రాయరు. మామూలుగా వంద గ్రాముల సబ్బులో గ్రాము అటూ ఇటూగా సెంటు పడుతుంది.

ఆ మాట అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పర్ఫ్యూమ్, పార్ఫమ్, ఫ్రాగ్రెన్స్, అరోమా, ఎసెన్షియల్ ఆయిల్ ఏది కనిపించినా సెంటు ఉన్నట్టే లెక్క. కొన్ని అట్టల మీద లిమోనీన్, లినలూల్, సిట్రల్, జెరానియాల్, కౌమారిన్, బెంజైల్ శాలిసిలేట్ అని విడిగా ఉంటాయి. యూరప్‌లో ఎలర్జీ కలిగించే 26 సుగంధ పదార్థాలు ఒక మోతాదు దాటితే పేరుపేరునా రాయాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం, కడిగేసే వాటిలో 0.01 శాతం ఆ హద్దు. 2023లో ఆ పట్టికని ఎనభై దాటించారు. కాబట్టి అక్కడికి కూడా వెళ్ళే సరుకైతే మనకి ఎక్కువ వివరం దొరుకుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. ‘అన్‌సెంటెడ్’ వేరు, ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ వేరు. మొదటిదాంట్లో పచ్చి సరుకు వాసన తెలియకుండా చేయడానికి మరుగు సెంటు వేసి ఉండొచ్చు. మీకు కావలసింది రెండోది. అదైనా వెనక పట్టిక చదివాకే కొనండి.

బట్టల పొడి, గిన్నెల లిక్విడు, నేల తుడిచే మందు, బాత్‌రూము బిళ్ళలు ఈ కాస్మెటిక్స్ నిబంధనల కిందికి రావు. వాటి అట్ట మీద పూర్తి పట్టిక ఉంటుందని నమ్మి కూర్చోకండి.

పెన్నాగట్టు (నెల్లూరు)

నూనెల దగ్గర ఒక తేలిక గుర్తు. కొబ్బరి నూనె డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) 14 అంకెల లైసెన్సు నంబరు, పచ్చ చుక్క ఉంటే అది తినే నూనె. ‘హెయిర్ ఆయిల్’ అని ఉంటే కాస్మెటిక్. అందులో లైట్ లిక్విడ్ పారాఫిన్ అనే మినరల్ ఆయిలు, సెంటు, రంగు ఉండొచ్చు. తలకైనా, పసిపిల్లల ఒంటికైనా తినే నూనె సీసానే కొనండి. గానుగ దగ్గర పట్టించిన నువ్వుల నూనె ఉంటే ఇంకా మేలు.

మెట్టనీళ్ళు (కనిగిరి)

అందరూ సబ్బు మార్చమంటున్నారు. నా మాట వేరు. మన వైపు బట్టల్లో సెంటు అంతగా ఎందుకు చేరిందో చూడండి. బోరు నీళ్ళు. కనిగిరి, పొదిలి, దర్శి మెట్టలో అయినా, సముద్రం దగ్గరి ఊళ్ళలో అయినా నీళ్ళు చవుడుగానో కఠినంగానో ఉంటాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. ఆ తెట్టు నూలుపోగుల మధ్య ఇరుక్కుని చొక్కా అట్టలా బిగుసుకుంటుంది, తువ్వాలు గరుకుగా గీసుకుంటుంది, చెమట జిడ్డు పూర్తిగా వదలదు, రెండో రోజుకే ముక్క వాసన. ఆ గరుకు పోవడానికి కండిషనరు, వాసన పోవడానికి ఇంకాస్త ఘాటైన పొడి. నీళ్ళు బాగుచేసుకుంటే ఆ రెండూ అక్కర్లేదు.

పరీక్ష సులువు. అర లీటరు సీసాలో సగం వరకూ బోరు నీళ్ళు పోసి, సెంటు తక్కువున్న సబ్బు గోరంత తురిమి వేసి, మూత పెట్టి గట్టిగా కుదపండి. నురగ నిలిచి కింద నీళ్ళు తేటగా ఉంటే మెత్తటి నీళ్ళు. నురగ రాకుండా పాలవిరుగుడులా తెల్ల రజను తేలితే కఠిన నీళ్ళు. అంకె కావాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

అంకె తెలిస్తే మందు లెక్క వస్తుంది. మందు పేరు బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేటు. వంట సోడా కాదు, రెండూ కలగాపులగం చేయొద్దు. 500 కఠినత ఉన్న 20 లీటర్ల బకెట్టులో మొత్తం 10 గ్రాముల కఠినత ఉంది. దాన్ని విరగ్గొట్టడానికి పొడి సోడా, అంటే సోడా యాష్ అయితే సుమారు 10.6 గ్రాములు చాలు. పలుకుల్లా మెరిసే సోడా అయితే దాని బరువులో సగం పైన నీరే కాబట్టి 29 గ్రాముల దాకా పడుతుంది. ఇదే లెక్కన 300 కఠినతకి పొడి సోడా 6.4 గ్రాములు. చెంచాతో వేసేముందు ఒకసారి అంగడి తక్కెడలో మీ చెంచా ఎన్ని గ్రాములు పడుతుందో తూచి గుర్తుపెట్టుకోండి.

సోడా ముందు వేసి, కలిపి, పావుగంట ఆగండి. నీళ్ళు కాస్త మసకబారతాయి, అది కాల్షియం విరిగి పేరుకోవడం. వీలైతే పైతేట ఒంపుకుని అందులో సబ్బు వేయండి. సబ్బు, సోడా ఒకేసారి వేస్తే ముందు సబ్బే కాల్షియంతో తెట్టు కడుతుంది, సోడా వేసిన ఫలితం తగ్గిపోతుంది. ఇట్టా చేస్తే సబ్బు కూడా బాగా తక్కువ పడుతుంది.

పట్టు, ఉన్ని బట్టలకి సోడా తగలనీయకండి, పోగు పాడవుతుంది. అల్యూమినియం గిన్నెలో కలపకండి, నల్లబడుతుంది. చేతికి తొడుగు వేసుకోండి. దురద ఉన్నవాళ్ళైతే తొడుగు లేకుండా అసలు ముట్టుకోవద్దు. ఇంకొకటి, సోడాతో ఫ్లోరైడు పోదు. ఈ నీళ్ళు ఉతుకుడుకే, తాగడానికి కాదు.

కావలి_అక్క

కనిగిరి అన్నా, మిషన్లో ఎట్టా? నీళ్ళు అదే తోడుకుంటుంది కదా, ముందు కలిపి ఆగేదెక్కడ?

మెట్టనీళ్ళు (కనిగిరి)

పై నుంచి వేసే మిషన్ అయితే డ్రమ్ములో నీళ్ళు నిండాక ఆపి, సోడా కరిగించి పోసి, పది నిమిషాలు తిప్పి, అప్పుడు పొడి వేయండి అక్కా. నీళ్ళు 50 లీటర్లు, కఠినత 500 అనుకుంటే సోడా యాష్ 26.5 గ్రాములు. మిషన్ పొడుల్లో కఠినతని పట్టే పదార్థాలు కొంత ముందే ఉంటాయి, అందుకే సగం మోతాదుతో మొదలుపెట్టి బట్ట మెత్తదనం చూసి పెంచండి. ముందు తలుపు మిషన్లో డ్రమ్ములో బట్టల మీదే సోడా చల్లి, పొడి అరలో వేసినా పనవుతుంది, కాకపోతే ఫలితం కొంచెం తక్కువ.

కండిషనరు అరలో తెల్ల వెనిగరు 60 నుంచి 100 మిల్లీలీటర్లు పోయండి. ఆఖరి జాడింపులో మిగిలిన సోడాని అది విరుస్తుంది, బట్ట గరుకు పోతుంది. ఆరాక వెనిగరు వాసన ఉండదు. ఎక్కువ పోసినా, తరచుగా పోసినా రబ్బరు వాషర్లు త్వరగా పాడవుతాయి, రెండు మూడు ఉతుకుళ్ళకి ఒకసారి చాలు.

సబ్బుపని_ఒంగోలు

ఒక హెచ్చరిక కలుపుతాను. వెనిగరు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), బాత్‌రూము యాసిడ్డు, ఈ మూడిట్లో ఏదీ బ్లీచింగు పౌడరుతో కలవకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్‌రూములో ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం ఉన్న ఇంట్లో అసలు ఆ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టకండి.

అట్లాగే ‘వెనిగరు, వంట సోడా కలిపితే బాగా పొంగుతుంది, మురికి పోతుంది’ అని ఫోన్లలో తిరుగుతుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. రెండూ ఒకదాన్నొకటి విరుచుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. సోడా ముందు, జాడించాక వెనిగరు. కలిపి కాదు.

కావలి_అక్క

పాత తువ్వాళ్ళలో కండిషనరు వాసన ఎన్ని ఉతుకుళ్ళకీ పోదు, ఎందుకు?

సబ్బుపని_ఒంగోలు

రెండు కారణాలక్కా. కండిషనరు పని పోగు మీద కొవ్వులాంటి పొర వేయడం. తువ్వాలు నీళ్ళు పీల్చకుండా జారిపోవడం అందుకే. ఆ పొరే సెంటుని పట్టుకుని ఉంటుంది. రెండోది, కొత్త రకాల్లో సెంటుని కంటికి కనపడని గుళికల్లో నింపుతున్నారు. బట్ట రాసుకున్నప్పుడల్లా కొన్ని గుళికలు పగిలి వాసన వదులుతాయి, వారాల తరబడి. యూరప్‌లో 2023లో తెచ్చిన మైక్రోప్లాస్టిక్ నిబంధనలో ఈ సెంటు గుళికలకీ గడువు పెట్టారు, 2029 అక్టోబరు దాకా.

తీసే పద్ధతి. నూలు బట్టలకి మాత్రమే. బకెట్టు వేడినీళ్ళు, చెయ్యి పెట్టలేనంత వేడి. అందులో సోడా యాష్ 30 గ్రాములు, కర్రతో కలిపి, తువ్వాళ్ళు ముంచి నాలుగైదు గంటలు ఉంచండి. నీళ్ళు జిడ్డుగా, పైన తెట్టుతో కనిపిస్తాయి. పిండి, రెండుసార్లు జాడించి, ఎండలో తిరగేసి ఆరేయండి. రెండు మూడు రోజుల తేడాతో మళ్ళీ ఒకసారి. పాలిస్టరు చొక్కాల్లో చేరిన కస్తూరి రకం సెంట్లు మాత్రం మొండివి, కొన్నిసార్లు ఆ చొక్కా పక్కన పెట్టడమే దారి.

పెన్నాగట్టు (నెల్లూరు)

పొడి అసలు వద్దనుకునేవాళ్ళకి కుంకుడు రసం. గింజ తీసిన పెచ్చులు 100 గ్రాములు, లీటరు నీళ్ళు, ఇరవై నిమిషాలు మరగనిచ్చి, చల్లారాక పిసికి, గుడ్డలో వడకట్టండి. బకెట్టుకి 100 మిల్లీలీటర్లు. నురగ తక్కువగా ఉంటుంది, అది చూసి ఇంకా పోయకండి. కఠిన నీళ్ళలో కూడా సబ్బులా తెట్టు కట్టదు, మన నీళ్ళకి అదే పెద్ద సుగుణం. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం. పులిసిన వాసన, పైన జిగురు కనిపిస్తే పారబోయండి. తెల్లబట్టలకి వరసగా వాడితే పసుపుజీర వస్తుంది, రంగు బట్టలకి పెట్టుకోండి.

చెరువుల వాళ్ళకి ఒక మాట. కుంకుడులో ఉన్న సపోనిన్ చేపల్ని చంపుతుంది. రొయ్యల చెరువులో చేపల్ని తీసేయడానికి టీ గింజల చెక్క వేసేది ఆ గుణం కోసమే. చిక్కటి రసాన్ని చేపల తొట్టిలోకీ, చేపలున్న గుంటలోకీ వదలకండి.

గంజికి కూడా సెంటు సీసాలు అక్కర్లేదు. అన్నం వార్చిన గంజి గ్లాసుడు వడకట్టి, అర బకెట్టు నీళ్ళలో కలిపితే వెంకటగిరి నూలు చీర ఒకటి నిలబడుతుంది. వడకట్టకపోతే ఇస్త్రీలో మెతుకు మాడి మచ్చ పడుతుంది.

నలుగు_పిండి (ఆత్మకూరు)

ఒంటికి సున్నిపిండి మించింది లేదు. పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన గులాబీ రేకులు, నిమ్మతొక్కలు తలా యాభై గ్రాములు, వేపాకు గుప్పెడు. ఎండబెట్టి మర పట్టించి జల్లించాలి. సెంటు చుక్క కూడా ఉండదు, పూర్తిగా ప్రకృతిది.

చర్మంమాట (నెల్లూరు)

ఆత్మకూరు వారూ, పప్పుల కొలత బాగుంది. మిగతావి ఈ ఇంటికి పనికిరావు, ఎందుకో చెబుతాను.

బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. చర్మానికి పూసి ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నల్ల మచ్చలు పడొచ్చు. బొల్లి చికిత్సలో ఆ గుణాన్నే డాక్టరు అదుపులో, కొలతతో వాడతారు. నెల్లూరు ఎండలో నలుగుపిండిలో యాభై గ్రాములు వేయడం చిన్న విషయం కాదు. నిమ్మతొక్కల్లోనూ అదే జాతి పదార్థాలు ఉంటాయి, పైగా లిమోనీన్. గులాబీ రేకుల్లో జెరానియాల్, సిట్రొనెలాల్. సెంటు పడనివాళ్ళ చర్మానికి అవి సీసాలోంచి వచ్చాయా, చెట్టు నుంచి వచ్చాయా అన్న తేడా తెలియదు. చేమంతి గారు అడిగిన ‘హెర్బల్’ ప్రశ్నకీ ఇదే జవాబు.

గాలి తగిలిన కొద్దీ లిమోనీన్, లినలూల్ ఆక్సిజన్‌తో కలిసి మారిపోతాయి. ఎలర్జీ తెచ్చేవి ఎక్కువగా ఆ మారిన రూపాలే. అందుకే ఏడాది కింద మూత తీసిన నిమ్మగడ్డి నూనె సీసా కొత్తదాని కంటే చెరుపు.

దురద ఉన్నవాళ్ళకి పిండి ఇట్టా చాలు. పెసలు రెండు పాళ్ళు, శనగపప్పు ఒక పాలు, మెత్తగా పట్టించి సన్న జల్లెడలో రెండుసార్లు జల్లించండి. గరుకు రవ్వ మిగిలితే చర్మం గీసుకుని దురద పెరుగుతుంది. తడిలేని డబ్బాలో నెలకి సరిపడా మాత్రమే. ఆయాసం ఉన్నవారు పొడి పైకి లేవకుండా ముందే నీళ్ళలో కలుపుకోవాలి. చర్మం పగిలి రసి కారుతుంటే పిండి పూర్తిగా మానండి, ఆహార పదార్థాలు పగిలిన చర్మం మీద రాస్తే వాటికే ఎలర్జీ మొదలయ్యే వీలుంది.

చెమట వాసనకి పటిక. తడిపి చంకలో రెండు రుద్దులు, గొరిగిన రోజు వద్దు. వంట సోడా రాయమని చెబుతుంటారు, దాని క్షారానికి చంక చర్మం ఎర్రబడుతుంది.

చేమంతి_కోవూరు

డాక్టరు గారూ, సెంటు వల్లే దురద అని ఖాయంగా తెలుసుకునే పరీక్ష ఉందా?

చర్మంమాట (నెల్లూరు)

ఉంది, ప్యాచ్ టెస్టు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళలు అంటించి 48 గంటలకి తీసి చూస్తారు, మళ్ళీ 96 గంటలకి ఇంకోసారి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, కాబట్టి మన దగ్గర మే నెలలో పెట్టించుకోకండి. బిళ్ళల్లో ఫ్రాగ్రెన్స్ మిక్స్ అని ఒకటి ఉంటుంది. మొదటి మిక్సులో సిన్నమాల్, యూజినాల్, జెరానియాల్, ఓక్ నాచు సారం వంటివి ఎనిమిది. ఫలితంలో ఐసోథయాజొలినోన్ కూడా ఉందేమో అడగండి. అది సెంటు కాదు, గిన్నెల లిక్విడ్లలో, షాంపూల్లో వేసే నిల్వ మందు. చేతుల దురదకి కొన్నిసార్లు అసలు దోషి అదే, సెంటు మీద నింద పడుతుంది. సెంటు లేని లిక్విడు కొని అందులో ఇది ఉంటే దురద తగ్గదు.

ఇంట్లో కొత్త క్రీము, నూనె వాడే ముందు మోచేతి మడత లోపల రూపాయి బిళ్ళంత చోట రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. ఎర్రబడితే ఆపేయండి. కడిగేసే సబ్బుని ఇట్టా రాసి ఉంచకూడదు, సబ్బు ఎవరికైనా మండుతుంది.

ఆయాసానికి వాడే పంపు మాత్రం సెంటు ఆపామని ఆపకండి.

కొళాయిపని (ఒంగోలు)

బాత్‌రూము సంగతి ఎవరూ ఎత్తలేదు. సువాసన జెల్లు, గోడకి తగిలించే బిళ్ళ, కలరా ఉండలు ఎందుకు పెడతారు? కంపు వస్తుంది కాబట్టి. కంపు ఎక్కడి నుంచో కనుక్కోండి.

నేల జాలీ ఎత్తి చూడండి. కింద నానీ ట్రాపులో రెండంగుళాల లోతు నీళ్ళు నిలిచి ఉండాలి. మురుగు గొట్టంలోని గాలిని పైకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. వాడకం లేని బాత్‌రూములో ఎండాకాలం కొన్ని వారాలకే అవి ఆవిరైపోతాయి, అప్పుడు మురుగు గాలి నేరుగా ఇంట్లోకే. వారానికి ఒకసారి రెండు చెంబుల నీళ్ళు పోయండి. ఊరెళ్తుంటే నీళ్ళు పోశాక పైన రెండు చెంచాల వంటనూనె వేయండి, ఆవిరవడం తగ్గుతుంది. ట్రాపులో కప్పు ఉంటుంది, శుభ్రం చేసేటప్పుడు తీసి చాలామంది మళ్ళీ పెట్టరు. అది లేకపోతే ఎన్ని నీళ్ళు పోసినా కంపు ఆగదు.

కమోడులో నీటిమట్టం దగ్గర పసుపుపచ్చ గార ఉంటే అది కఠిన నీళ్ళ సున్నం మూత్రంతో కలిసి గట్టిపడింది. కంపు దానికి పట్టుకుని ఉంటుంది. నీళ్ళు చెంబుతో తోడేసి, లీటరు గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు 100 గ్రాములు కరిగించి రాత్రి పోసి, పొద్దున బ్రష్షుతో రుద్దండి. పాత గార అయితే మూడు రాత్రులు. అంతకు ముందు రోజు బ్లీచింగు వేసి ఉంటే బాగా నీళ్ళు వదిలి, మర్నాడు చేయండి.

కలరా ఉండలు చాలావరకు నాఫ్తలీన్‌తో చేసినవి. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకి ఆ ఆవిరి తగిలిన బట్టలు కట్టినా ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు. బీరువాలోంచీ తీసేయండి.

మెట్టనీళ్ళు (కనిగిరి)

నేల తుడుపు గురించి. బండి మీద అమ్మే తెల్ల ఫినాయిలులో పైన్ నూనె, సెంటు ఘాటుగా ఉంటాయి. రోజూ ఇంట్లో దాని అవసరం లేదు. అయితే నేల ఏ రాయో చూసుకుని మందు వేయాలి.

చీమకుర్తి గ్రానైటు, బ్లాక్ గెలాక్సీ అయినా మరొకటైనా, పలచటి వెనిగరుకి చెక్కుచెదరదు. కడప బండలు, పాలరాయి సున్నపు రాళ్ళు. వెనిగరు, నిమ్మ ఉప్పు పడితే నునుపు పోయి తెల్లమచ్చ తేలుతుంది, మళ్ళీ పాలిషు పట్టిస్తేనే పోయేది. వాటికి గోరువెచ్చటి నీళ్ళు, బకెట్టుకి సెంటు లేని గిన్నెల లిక్విడు నాలుగు చుక్కలు. అంతకు మించితే నేల జారుతుంది, కాళ్ళకి మురికి అంటుతుంది. టైల్సుకి సోడా చెంచాడు బకెట్టులో. ఆ తర్వాత ఒట్టి నీళ్ళతో ఒక తుడుపు. తుడుపు గుడ్డని ఉతికి ఎండలో ఆరేయకపోతే ఏ మందు వేసినా ఇల్లంతా ఆ గుడ్డ వాసనే వస్తుంది.

కావలి_అక్క

పూజ దగ్గర ఏం చేయాలి? అగరుబత్తి లేకుండా పెద్దవాళ్ళు ఒప్పుకోరు.

సబ్బుపని_ఒంగోలు

అక్కా, అగరుబత్తి తయారీ చెబితే వాళ్ళకీ అర్థమవుతుంది. వెదురు పుల్లకి బొగ్గుపొడి, రంపపు పొట్టు, జిగురు బెరడు పొడి కలిపిన ముద్ద చుడతారు. అప్పటికి దానికి ఏ వాసనా ఉండదు. ఆరాక సెంటులో ముంచుతారు. ఆ సెంటుని పలచన చేయడానికి ఎక్కువగా వాడేది డైఇథైల్ థాలేటు అనే ద్రావణి. అంటే వాసన పూలది కాదు, పొగ బొగ్గుది. కప్పు సాంబ్రాణీ చాలావరకు అంతే. అసలు గుగ్గిలం, సాంబ్రాణి రాళ్ళు తెచ్చి నిప్పుల మీద వేస్తే సెంటు ఉండదు, పొగ మాత్రం పొగే. ఆయాసం ఉన్న మనిషి ఊపిరితిత్తులకి దానితోనూ ఇబ్బందే.

ఒప్పించే దారి ఇది. దీపం ఇంట్లో, ధూపం వాకిట్లో తులసికోట దగ్గర. దీపానికి ‘పూజా నూనె’ సీసా వద్దు, అందులో సెంటు, రంగు కలుపుతారు, తినే నూనె కాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. తినే నువ్వుల నూనె పోసి, వత్తిని ప్రమిద అంచు దాటి గోరంతకి మించకుండా ఉంచితే మసి రాదు. కర్పూరం హారతి క్షణం సేపే, కిటికీ తీసి ఇవ్వండి. పసిపిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద కర్పూరం పూయడం మాత్రం మానిపించండి. మింగితే మూర్ఛ వస్తుంది, అందకుండా పెట్టండి. మల్లెల వాసన పడనివారు ఉంటే పూలు కూడా బయటి గుమ్మానికే.

పెన్నాగట్టు (నెల్లూరు)

దోమలకి కూడా ఒక ముక్క. ‘వేప అగరుబత్తి’ అని లైసెన్సు నంబరు లేకుండా అమ్మే దోమబత్తీల్లో అనుమతి లేని పురుగుమందులు పట్టుబడిన సందర్భాలున్నాయి. అట్ట మీద సీఐబీ (కేంద్ర పురుగుమందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు లేనిది ఇంట్లోకి తేకండి. దోమతెర, కిటికీ జాలీ వీటన్నిటికంటే నయం.

నలుగు_పిండి (ఆత్మకూరు)

బావంచాల మాట చెప్పినందుకు కృతజ్ఞతలు. పిండిలోంచి తీసేస్తాను. బీరువాలో కలరా ఉండలు తీశాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురులో ముక్కవాసనకి ఏం పెట్టాలి?

కొళాయిపని (ఒంగోలు)

బట్ట పూర్తిగా ఆరకముందే మడిచి పెట్టడమే అక్కడ అసలు తప్పు. ముసురు రోజుల్లో తీగ మీద బట్టకీ బట్టకీ జానెడు ఎడం ఉంచి, ఫ్యాను కింద ఆరేయండి. జేబు లోపల, నడుం పట్టీ దగ్గర వేలితో తడిమి చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని. ఆరినవి కూడా బీరువాలో కుక్కకుండా కొంచెం ఖాళీ వదలండి, గోడకి ఆనించిన బీరువాని నాలుగు వేళ్ళు ముందుకు జరపండి. అడుగు అరలో కర్రబొగ్గులు పావు కిలో పలచటి గుడ్డలో మూటగట్టి పెట్టి, ఎండ కాసిన రోజు మూటనీ ఎండబెట్టండి. పురుగుకి ఎండిన వేపాకు. పచ్చిది పెడితే దాని తడికే బూజు పడుతుంది.

మిషన్ వాసన వేస్తే ముందు తలుపు రబ్బరు మడత విప్పి చూడండి, నల్ల జిగురు అక్కడే ఉంటుంది. గుడ్డతో తీసి, ఖాళీ డ్రమ్ములో నిమ్మ ఉప్పు 100 గ్రాములు వేసి వేడినీళ్ళ మీద ఒకసారి తిప్పండి. ఆ తర్వాత ఎప్పుడూ తలుపు, పొడి అర తెరిచే ఉంచండి.

చేమంతి_కోవూరు

అందరికీ దండాలు. ఇన్నీ ఒక్కరోజు మార్చలేం కదా. ఏది ముందు?

చర్మంమాట (నెల్లూరు)

గాలిలో కలిసేవి ముందు. ఈ రోజే రూము స్ప్రే, బాత్‌రూము జెల్లు, కలరా ఉండలు, ఇంట్లో అగరుబత్తి తీసేయండి. వీటికి కొనాల్సింది ఏమీ లేదు. ఆ తర్వాత ఒంటి మీద ఉండిపోయేవి, అంటే క్రీము, పౌడరు, తలనూనె, డియో. మూడోది ఇరవైనాలుగు గంటలూ ఒంటికి తగిలే దుప్పట్లు, దిండు గలీబులు, లోపలి బట్టలు. సోడాలో నానబెట్టేది వీటితోనే మొదలుపెట్టండి. ఒంటి సబ్బు, గిన్నెల సబ్బు, నేల మందు ఉన్నవి అయిపోయాక మార్చుకోవచ్చు, చేతుల దురద మనిషికి మాత్రం గిన్నెల లిక్విడు వెంటనే మార్చాలి. తొడుగు వేసుకుంటే లోపల పలచటి నూలు తొడుగు కూడా వేసుకోండి, ఒట్టి రబ్బరులో చెమటపట్టి దురద ఎక్కువవుతుంది.

ఆరు వారాలు గట్టిగా పాటించండి. చర్మం మెల్లగా కోలుకుంటుంది, పది రోజులకే తేల్చేయకండి. ఆ తర్వాత ఒక్కొక్క వస్తువునే, వారానికి ఒకటి చొప్పున, వెనక్కి తెచ్చి చూడండి. తెచ్చిన తేదీ, దురద వచ్చిన చోటు క్యాలెండరు మీద రాయండి. మెడ దగ్గర వస్తే తలనూనె, షాంపూ, చొక్కా కాలరు చూడాలి. చంకలో వస్తే, గుంట వదిలి చుట్టూ అంచున ఉంటే ఎక్కువగా బట్టలది, గుంట మధ్యలో ఉంటే డియోది.

చేమంతి_కోవూరు

మెడ దగ్గరే, కాలరు తగిలే వరసన ఉంది. రేపు చొక్కాలూ గలీబులూ సోడాలో వేస్తాను. మా బోరు నీళ్ళ అంకె వచ్చాక ఇక్కడే పెడతాను, కనిగిరి అన్న లెక్క చూసి చెప్పాలి.

మెట్టనీళ్ళు (కనిగిరి)

పెట్టండమ్మా. నీళ్ళు పట్టేటప్పుడు బోరు పది నిమిషాలు వదిలాక, అదే నీళ్ళతో మూడుసార్లు కడిగిన సీసాలో గొంతుదాకా నింపి, ఆ రోజే ల్యాబుకి ఇవ్వండి. ట్యాంకు నీళ్ళు పట్టకండి, నిలవుంటే కొంత సున్నం అడుగున పేరుకుని అంకె తక్కువ వస్తుంది.